పిల్లాడికి ఇమ్యూనిటీ తక్కువా అని అడిగేవాళ్ల కోసం

సీరియస్ బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌తో పిల్లలు ఐసీయూలో ఉన్నప్పుడు అమ్మానాన్నలు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "మా బాబుకి ఇమ్యూనిటీ తక్కువాండీ?" నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, పిల్లల రక్తం స్లైడ్లు చూడటమే నా పని, రిపోర్టు కోసం వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లు నన్ను కూడా ఈ మాట అడుగుతుంటారు. ఆ టెన్షన్‌లో ఎంత వివరించినా ఎవరికీ ఎక్కదు, డాక్టరు గారిని అడగండి అనడం తప్ప నాకూ అక్కడ వేరే దారి ఉండదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, ఇమ్యూనిటీ అనేది తక్కువ ఎక్కువలతో ఒక్క అంకెలో తేల్చేది కాదు. పిల్లల్లో అది వయసుతో పాటు మారుతూ ఉంటుంది, ఒక్కో వయసులో ఒక్కో చోట లోటు ఉంటుంది, ఒక్కో బ్యాక్టీరియా ఒక్కో లోటు దగ్గర దెబ్బ కొడుతుంది. ఇంకో సంగతి, ప్రాణం మీదకి తెచ్చేది చాలాసార్లు ఇమ్యూనిటీ లేకపోవడం కాదు, ఉన్నది అదుపు తప్పడం.

అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర మొదలుపెడతాను. ఆ బిడ్డ ఒంట్లో సొంతంగా తయారైన యాంటీబాడీలు దాదాపు ఉండవు, ఉన్నవన్నీ అమ్మవే. ఐజీజీ అనే రకం యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకి చేరతాయి, కాకపోతే అందులో ఎక్కువ భాగం చేరేది చివరి మూడు నెలల్లో. ఏడో నెలలోనే పుట్టేసిన బిడ్డకి ఆ వాటా చాలావరకు అందకుండా పోయినట్టే. నెలలు నిండని పిల్లలకి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ రావడానికి ఇదొక పెద్ద కారణం. దానికి తోడు కాంప్లిమెంట్ అని రక్తంలో ఉండే ప్రోటీన్ల గుంపు ఒకటుంది, అది బ్యాక్టీరియాకి అంటుకుని కొన్నిటిని చిల్లులు పొడిచి చంపుతుంది, మిగతావాటిని తెల్లకణాలు మింగడానికి వీలుగా గుర్తు పెడుతుంది, అది కూడా పసిబిడ్డలో పెద్దవాళ్లలో ఉన్నంత ఉండదు.

వీటన్నిటికంటే నాకు రోజూ కంటికి కనపడేది న్యూట్రోఫిల్స్ సంగతి. బ్యాక్టీరియా మీదకి ముందుగా వెళ్లే తెల్లకణాలు ఇవే. పెద్దవాళ్ల ఎముక మజ్జలో వీటి నిల్వ బాగా ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ రాగానే ఆ నిల్వ రక్తంలోకి వచ్చేసి కౌంట్ పెరుగుతుంది. పసిబిడ్డకి ఆ నిల్వ చాలా తక్కువ. సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్‌కి శరీరం స్పందన అదుపు తప్పి అవయవాలు దెబ్బతినడం, వస్తే ఉన్నదంతా కొన్ని గంటల్లోనే అయిపోయి, కౌంట్ పెరగాల్సింది పోయి పడిపోతుంది. పసిబిడ్డ రిపోర్టులో ఎక్కువ కౌంట్ కంటే బాగా తక్కువ కౌంట్ చూసినప్పుడే నేను వెంటనే వార్డుకి ఫోన్ చేస్తాను. పుట్టిన మొదటి రోజు తెల్లకణాలు 30,000 దాకా ఉన్నా మామూలే కావచ్చు, కాబట్టి పెద్దవాళ్ల నార్మల్ అంకెలు పక్కన పెట్టుకుని పసిబిడ్డ రిపోర్టు చూసి బెంబేలెత్తకండి.

ఇంకోటి, పసిబిడ్డకి సీరియస్ ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు చల్లబడొచ్చు, పాలు తాగడం మానెయ్యొచ్చు, ఊరికే మగతగా పడుకోవచ్చు, ఊపిరి మధ్యలో ఆగి ఆగి తీసుకోవచ్చు. జ్వరం లేదు కదా అని ఆగితే ఒక్కోసారి సమయం దాటిపోతుంది. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, జ్వరం వచ్చినా సరే, ఒళ్లు అసాధారణంగా చల్లగా ఉన్నా సరే, ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో పారాసెటమాల్ వేసి చూద్దాం అనే ప్రయోగం ఈ వయసులో వద్దే వద్దు.

ఇప్పుడు నాకు ఎంత చదివినా తనివి తీరని ముచ్చట. 1933లో ఫొతర్‌గిల్, రైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి, మనం హిబ్ అంటాం, ఆ బ్యాక్టీరియా అప్పట్లో చిన్నపిల్లల మెనింజైటిస్‌కి, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపుకి, ముఖ్యమైన కారణాల్లో ఒకటి. వేరు వేరు వయసుల వాళ్ల రక్తం తీసుకుని అందులో ఈ బ్యాక్టీరియాని వేసి అది చస్తుందా లేదా అని చూశారు. పుట్టిన కొత్తలో పిల్లల రక్తం దాన్ని చంపింది. రెండు మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా వయసున్న పిల్లల రక్తంలో ఆ శక్తి దాదాపు లేదు. తర్వాత మళ్లీ వచ్చింది, పెద్దవాళ్లలో బాగా ఉంది. మెనింజైటిస్ కేసులు ఏ వయసులో ఎక్కువో ఆ లెక్క దీని పక్కన పెడితే ఒకటి ఎక్కడ తగ్గిందో రెండోది సరిగ్గా అక్కడ పెరిగింది. మొదట్లో ఉన్న శక్తి అమ్మ యాంటీబాడీలది, అవి కొన్ని నెలల్లో కరిగిపోతాయి, సొంతవి ఇంకా రాలేదు, ఆ మధ్యలో పిల్లాడు రక్షణ లేకుండా ఉంటాడు. ఏ జీన్ టెస్టులూ, ఏ మెషీన్లూ లేని రోజుల్లో, కొన్ని రక్తం శాంపిల్స్‌తో ఇంత స్పష్టంగా చెప్పగలిగారు.

మరి సొంతవి ఎందుకు అంత ఆలస్యం? హిబ్, న్యుమోకాకస్, మెనింగోకాకస్, ఈ మూడు బ్యాక్టీరియాలకీ ఒంటి చుట్టూ చక్కెర అణువుల గొలుసులతో చేసిన తొడుగు ఉంటుంది, దాన్ని పాలిసాకరైడ్ క్యాప్సూల్ అంటారు. ప్రోటీన్‌ని చూస్తే మన తెల్లకణాల్లో టి కణాలు అనేవి, యాంటీబాడీలు చేసే బి కణాలకి సాయం చేసి మంచి యాంటీబాడీలు చేయిస్తాయి, గుర్తు కూడా పెట్టిస్తాయి. వట్టి చక్కెర గొలుసుకి ఆ సాయం అందదు, బి కణాలు ఒంటరిగా స్పందించాలి. ఆ పనిలో ప్లీహంలోని (స్ప్లీన్) ఒక ప్రత్యేకమైన భాగం ముఖ్యం, రెండేళ్ల లోపు పిల్లల్లో అది ఇంకా పూర్తిగా తయారు కాదు. కాబట్టి ఏడాదిన్నర పిల్లాడికి న్యుమోకాకస్ రక్తంలోకి చేరిందంటే వాడి ఇమ్యూనిటీలో ఏదో లోపం ఉందని కంగారు పడక్కర్లేదు, ఆ వయసు పిల్లలందరికీ ఉండే లోటే అది.

ఈ లోటుని దాటే ఉపాయం కూడా పాతదే. 1929 ప్రాంతంలో ఏవరీ, గోబెల్ చక్కెర అణువుని ప్రోటీన్‌కి అతికిస్తే శరీరం దానికి యాంటీబాడీలు చేస్తుందని చూపించారు. ఆ ఆలోచన పిల్లలకి పనికొచ్చే టీకాగా మారడానికి అరవై ఏళ్లు పట్టింది. 1990లో అమెరికాలో ఇలా అతికించి చేసిన హిబ్ టీకా, అంటే కాంజుగేట్ టీకా, రెండు నెలల పసిపిల్లలకి కూడా ఇవ్వడం మొదలైంది, అక్కడ అయిదేళ్ల లోపు పిల్లల్లో ఆ జబ్బు 99 శాతం దాకా తగ్గిపోయింది. న్యుమోకాకస్ కాంజుగేట్ టీకా 2000లో వచ్చింది. రెండు నెలలు నిండకముందే టీకాలు ఎందుకు, ఇంత చిన్నబిడ్డకి ఇన్ని సూదులా అని అడిగేవాళ్లకి నా జవాబు ఆ 1933 నాటి లెక్కే. అమ్మ వాటా తరిగిపోకముందే సొంతది మొదలవ్వాలి, అందుకే ఆ తేదీలు.

ప్లీహం మాట వచ్చింది కాబట్టి సికిల్ సెల్ అనే, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుక జబ్బున్న పిల్లల గురించి కూడా చెప్పాలి. వాళ్లకి చిన్న వయసులోనే ప్లీహం దెబ్బతిని పనిచెయ్యడం మానేస్తుంది. 1986లో వచ్చిన ఒక ట్రయల్‌లో రోజూ పెన్సిలిన్ ఇచ్చిన సికిల్ సెల్ పిల్లల్లో న్యుమోకాకస్ సెప్సిస్ 84 శాతం తగ్గింది. అప్పటి నుంచే ఆ పిల్లలకి అయిదేళ్ల దాకా పెన్సిలిన్ ఇవ్వడం అలవాటైంది. ఎక్కడ లోటుందో తెలిస్తే అక్కడ అడ్డం పెట్టొచ్చు, ఇమ్యూనిటీ పెంచే టానిక్ అని ఊరికే రాయించుకునే సీసాతో ఆ పని జరగదు.

ఇక ఇన్‌ఫెక్షన్ నడుస్తున్నప్పుడు నాకు మైక్రోస్కోపు కింద ఏం కనపడుతుందో చెబుతాను. మామూలు న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా విడిపోయి, ఆ ముక్కలు సన్నటి దారంతో కలిసి ఉంటాయి. సీరియస్ బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో మజ్జ తొందరపడి ఇంకా ఎదగని కణాలని కూడా బయటకి పంపేస్తుంది, వాటి కేంద్రకం విడిపోకుండా వంకీలా వంగి ఉంటుంది, వీటిని బ్యాండ్ సెల్స్ అంటాం. కణం లోపల గింజలు మామూలుగా లేత రంగులో ఉండేవి ముదురు ఊదా రంగులోకి మారతాయి, టాక్సిక్ గ్రాన్యూల్స్ అని రాస్తాం. కణం అంచున లేత నీలం మరకలు, మధ్యలో చిన్న చిన్న ఖాళీ బుడగలు. కౌంట్ మెషీన్ ఇచ్చిన అంకె నార్మల్‌లో ఉన్నా స్లైడ్ నిండా ఇవే కనపడితే ఆ అంకెని నమ్మకూడదు. ఈ న్యూట్రోఫిల్స్‌కి ఇంకో పద్ధతి కూడా ఉందని 2004లో తెలిసింది, తమ డీఎన్ఏనే వలలా బయటకి విసిరి బ్యాక్టీరియాని అందులో చిక్కిస్తాయి. ఆ వలలే ఎక్కువైతే సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టడానికి కూడా దోహదం చేస్తాయి.

ఇక రక్తపరీక్షల్లో అందరూ పట్టుకుని చూసే సీఆర్పీ, అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్, గురించి. దీన్ని 1930లో టిల్లెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు, న్యుమోకాకస్‌లోని సి అనే పదార్థానికి అంటుకుంటుంది కాబట్టి ఆ పేరు. ఇది బ్యాక్టీరియా చేసేది కాదు, మన కాలేయం చేసేది. తెల్లకణాలు ఐఎల్-6 అనే రసాయనాన్ని వదలాలి, అది కాలేయానికి చేరాలి, కాలేయం ప్రోటీన్ తయారుచేయాలి, ఇదంతా జరిగేసరికి ఆరు నుంచి పన్నెండు గంటలు. పూర్తి ఎత్తుకి చేరడానికి రెండు రోజులదాకా. నిప్పు అంటుకున్న తర్వాత కాసేపటికి గానీ పొగ కనపడనట్టు. పొద్దున జ్వరం మొదలైన పిల్లాడికి మధ్యాహ్నం చేసిన సీఆర్పీ తక్కువొస్తే అది ఊరట కాదు, ఇంకా టైమ్ అవ్వలేదంతే. రిపోర్టు చేతికి రాగానే హమ్మయ్య అని ఇంటికి వెళ్లిపోయి, రాత్రికి పిల్లాడు మెత్తబడిపోతే పరుగెత్తుకొచ్చినవాళ్లని చూశాను. డాక్టరు మర్నాడు మళ్లీ చేయించమంటే డబ్బు కోసం కాదు, పెరుగుతోందా తగ్గుతోందా అనేదే అసలు సమాచారం. కొన్ని వైరస్‌లకి, ముఖ్యంగా అడినోవైరస్‌కి, సీఆర్పీ బాగానే పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ వచ్చినంత మాత్రాన బ్యాక్టీరియా అని కూడా తేలదు. ప్రోకాల్సిటోనిన్ అని రక్తంలో చూసే ఇంకోటి కొంచెం ముందే పెరుగుతుంది, నాలుగైదు గంటల్లో తెలుస్తుంది, కానీ పుట్టిన మొదటి రెండు రోజులు ఏ ఇన్‌ఫెక్షన్ లేకుండానే పెరుగుతుంది. పారాసెటమాల్‌కి జ్వరం తగ్గితే వైరల్, తగ్గకపోతే బ్యాక్టీరియా అని ఒక నమ్మకం తిరుగుతుంటుంది, అది నిజం కాదు. మెదడులో జ్వరాన్ని పెంచే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం రెండిటికీ ఒకటే, మందు ఆపేది దాన్నే.

బ్యాక్టీరియానా వైరసా అన్నది శరీరం స్పందన నుంచే పట్టుకోవచ్చన్న ప్రయత్నాలు మాత్రం నాకు బాగా ఆశ కలిగిస్తున్నాయి. 2016లో జ్వరంతో వచ్చిన పిల్లల మీద వచ్చిన ఒక పరిశోధనలో రక్తకణాల్లో రెండే రెండు జీన్లు ఎంత పనిచేస్తున్నాయో చూసి చాలావరకు తేడా చెప్పగలిగారు. ఒకటి వైరస్ ఉన్నప్పుడు ఎక్కువ పలుకుతుంది, ఇంకోటి బ్యాక్టీరియా ఉన్నప్పుడు. బ్లడ్ కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, పసిపిల్లల దగ్గర తీసే రక్తమే కొంచెం, అందులో అసలు పెరగకపోవచ్చు కూడా. అలాంటప్పుడు ఇలాంటి టెస్టు మంచం పక్కనే గంటలో వచ్చే రోజు వస్తే ఎంతమంది పిల్లలకి అనవసరంగా యాంటీబయాటిక్ తప్పుతుందో, ఎంతమందికి అవసరమైనది తొందరగా అందుతుందో.

ఇప్పుడు అదుపు తప్పడం గురించి. బ్యాక్టీరియా గోడలోని ముక్కలని మన కణాల మీదుండే గ్రాహకాలు పట్టుకుంటాయి, టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 లాంటి రసాయనాలు వదులుతాయి. ఒక వేలి మీద పుండు దగ్గర ఇది జరిగితే ఎర్రబడి, వాచి, మానుతుంది. అదే రసాయనాలు ఒళ్లంతా ఒకేసారి వదిలితే రక్తనాళాలు ఒళ్లంతా సడలి కారుతాయి, నీరు బయటకి పోతుంది, సన్న నాళాల్లో గడ్డలు కడతాయి, గడ్డకట్టే పదార్థాలు అయిపోయి ఇంకో చోట రక్తస్రావం మొదలవుతుంది. మెనింగోకాకస్ సెప్సిస్‌లో చర్మం మీద వచ్చే ఊదా మచ్చలు ఇవే, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కానివి. అలాంటి మచ్చ ఒక్కటి కనపడ్డా ఇంకేం ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లల్లో ఇంకో ప్రమాదం ఏంటంటే వాళ్ల గుండె వేగంగా కొట్టుకుని, చేతులూ కాళ్లలో నాళాలు బిగుసుకుని బీపీని చాలాసేపు నిలబెడతాయి. బీపీ పడిపోయిందంటే అప్పటికే బాగా ఆలస్యమైనట్టు. జ్వరం తగ్గాక కూడా గుండె దడదడలాడుతుండటం, చేతులు కాళ్లు చల్లగా ఉండటం, వేలి కొన నొక్కి వదిలితే మూడు సెకన్లైనా రంగు తిరిగి రాకపోవడం, ఇవి ముందుగా కనపడతాయి, మీకే కనపడతాయి.

2024 జనవరిలో పిల్లల సెప్సిస్‌కి కొత్త నిర్వచనం వచ్చింది, ఫీనిక్స్ క్రైటీరియా అంటారు. అంతకుముందు 2005 నాటి పద్ధతిలో జ్వరం, గుండె వేగం, ఊపిరి వేగం, తెల్లకణాల కౌంట్ లాంటివి చూసేవారు, మామూలు జలుబు జ్వరంతో వచ్చిన పిల్లాడు కూడా అందులో పడిపోయేవాడు. ఇప్పుడు చూసేది ఊపిరితిత్తులు, గుండె రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టడం, మెదడు, ఈ నాలుగూ ఎంత దెబ్బతిన్నాయనేది. 2017 సంవత్సరానికి వేసిన ప్రపంచ అంచనాలో అయిదేళ్ల లోపు పిల్లల్లో రెండు కోట్ల సెప్సిస్ కేసులు, 29 లక్షల మరణాలు. ఆ అంకె చదివిన ప్రతిసారీ నాకు కాసేపు పని సాగదు.

మరి స్పందన ఎక్కువైంది కాబట్టి దాన్ని నొక్కేస్తే? లేదా తక్కువ ఉంది కాబట్టి పెంచితే? రెండూ ప్రయత్నించారు. టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే మందులు పెద్దవాళ్ల సెప్సిస్ ట్రయల్స్‌లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. పసిపిల్లలకి యాంటీబాడీలు తక్కువ కదా, దానం చేసిన రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీలు, ఇద్దాం అని 3,493 మంది పసిపిల్లలతో ఒక పెద్ద ట్రయల్ చేశారు, 2011లో ఫలితాలొచ్చాయి. ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ తేడా లేదు. ఎంత సబబుగా అనిపించే ఆలోచనైనా ట్రయల్ చేసి చూడకుండా నమ్మకూడదని నేను ఈ ఒక్క ఉదాహరణతో చాలామందికి చెప్పాను. పనిచేసిన చోట కూడా చాలా సూక్ష్మంగా పనిచేసింది. హిబ్ మెనింజైటిస్‌లో యాంటీబయాటిక్ మొదటి డోసుకి ముందో, దాంతో పాటో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే వినికిడి పోవడం తగ్గుతుంది, ఎందుకంటే యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని పగలగొట్టినప్పుడు బయటపడే ముక్కలకి శరీరం ఇచ్చే స్పందనే చెవి లోపలి భాగాన్ని దెబ్బతీస్తుంది. ఆలస్యంగా ఇస్తే ఆ లాభం పోతుంది.

ఇంకో దశ ఉంది, దాని గురించి ఇళ్లల్లో ఎవరూ మాట్లాడుకోరు. మొదటి ఉధృతి తర్వాత కొంతమంది పిల్లల్లో రక్షక కణాలు అలసిపోయి నీరసిస్తాయి. మోనోసైట్లు అనే తెల్లకణాల మీద హెచ్ఎల్ఏ-డీఆర్ అనే గుర్తు తగ్గిపోతుంది, రక్తంలో బ్యాక్టీరియా పదార్థం కలిపినా టీఎన్ఎఫ్ సరిగ్గా రాదు. అలాంటి పిల్లలకి ఐసీయూలోనే రెండో ఇన్‌ఫెక్షన్ పట్టుకునే అవకాశం ఎక్కువ. అందుకే బాగా కోలుకుంటున్నాడు అనుకున్న బిడ్డ దగ్గరికి కూడా చుట్టాలందరినీ పంపరు, చేతులు కడుక్కోమని నర్సు పదిసార్లు చెబుతుంది. దయచేసి ఆమె మీద విసుక్కోకండి.

నిజంగానే పుట్టుకతో లోపం ఉన్న పిల్లలు కొద్దిమంది ఉంటారు. 1952లో బ్రూటన్ అనే డాక్టరు పదేపదే న్యుమోకాకస్ సెప్సిస్ వస్తున్న ఎనిమిదేళ్ల బాబు రక్తంలో గామా గ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీలుండే ప్రోటీన్, అసలు లేదని కనిపెట్టాడు, బయట నుంచి ఇంజెక్షన్‌గా ఇస్తే ఇన్‌ఫెక్షన్లు ఆగాయి. కాంప్లిమెంట్ చివరి భాగాలు లేనివాళ్లకి మెనింగోకాకస్ మళ్లీ మళ్లీ వస్తుంది. 2003లో బయటపడిన ఐఆర్ఏకే-4 లోపం ఇంకా విచిత్రం: బ్యాక్టీరియా వచ్చిందన్న సంకేతం కణం లోపలికి చేరదు, కాబట్టి ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్‌లో కూడా జ్వరం, సీఆర్పీ సరిగ్గా పెరగవు. ఆ గండం దాటించి టీనేజ్ దాకా తీసుకెళ్తే మాత్రం అలాంటి ఇన్‌ఫెక్షన్లు చాలా అరుదైపోతాయి.

కాబట్టి ఒక్కసారి సీరియస్ ఇన్‌ఫెక్షన్ వస్తే లోపం ఉందని కాదు. రెండోసారి వస్తే, టీకా వేసిన బ్యాక్టీరియాతోనే వస్తే, ఇంట్లో ఇంకో బిడ్డకి ఇలాగే జరిగి ఉంటే, అప్పుడు ఇమ్యునోగ్లోబ్యులిన్లు, కాంప్లిమెంట్ పరీక్షలు, ప్లీహం స్కాన్ గురించి డాక్టరుని మీరే అడగండి. అడిగే ముందు పాత కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకెళ్లండి: ఏ తేదీన, ఏ వయసులో, కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా వచ్చింది, ఏ టీకాలు ఎప్పుడు వేశారు. డిశ్చార్జ్ అవుతున్నప్పుడు కల్చర్ రిపోర్టు ఇంకా రాకపోతే, వచ్చాక మళ్లీ వెళ్లి తీసుకోండి. ఆ కాగితం మీద ఉన్న బ్యాక్టీరియా పేరే లోపం ఎక్కడుందో వెతకడానికి మొదటి ఆధారం, చాలామంది తీసుకెళ్లకుండా వదిలేసేదీ ఆ కాగితాన్నే.